ఎవరి తాలూకమ్మా?

కొట్టే చేతినుంచి తప్పించుకుని బయటపడ్డ ఆడమనిషి అన్నిటికంటే ముందు కోరుకునేది... తానెక్కడుందో అతనికి తెలియకూడదని. అందరికీ అందరూ తెలిసిన ఉద్దానంలో ఆ రహస్యం ఎన్నాళ్లు నిలుస్తుంది? దాన్ని కాపాడుకోవడానికి చట్టం ఎంతదూరం తోడొస్తుంది?

కాశీబుగ్గలో ఆటో ఎక్కండి. వజ్రపుకొత్తూరు వైపు వెళ్లేదైనా సరే, మందస వైపు వెళ్లేదైనా సరే. ఊరు దాటి జీడితోటల్లోకి మళ్లకముందే పక్కన కూర్చున్న పెద్దావిడ మీవైపు తిరుగుతుంది. 'ఏ ఊరమ్మా మీది? ఎవరి తాలూకా?'

తాలూకాలు పోయి మండలాలు వచ్చి నలభయ్యేళ్లయింది. కానీ సిక్కోలులో ఆ మాటకి అర్థం వేరు. ఎవరి కూతురివి, ఎవరి కోడలివి, ఎవరింటికి వచ్చావు అని అడగడమన్నమాట. మొదటి ప్రశ్నకి ఊరు చెబుతారు. రెండోదానికి ఇంటిపేరు బయటికొస్తుంది. మూడోదానికి మేనమామ పేరు. నాలుగో ప్రశ్నతో పనుండదు. 'అయితే మా తోటికోడలి చెల్లెలు నీకు అత్త వరసవుద్ది' అని తేల్చేసి, సంచిలోంచి రెండు పనసతొనలు తీసి చేతిలో పెడుతుంది.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఒదిగిన ఈ పల్లెల్లో ఇంటి నంబరు పట్టుకుని వచ్చేవాళ్లు తక్కువ. పోస్ట్‌మ్యాన్ కూడా చుట్టరికాన్నిబట్టే ఇల్లు పోల్చుకుంటాడు. కష్టమొచ్చినప్పుడు ఆదుకునేదీ ఆ చుట్టరికమే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరాన్ని ఊడ్చేసిన రాత్రి ఎవరింట్లో ఎవరున్నారో చూసుకున్నది ఇరుగుపొరుగే.

ఇంత ఆప్యాయమైన ఆ ప్రశ్నకి గుండె దడదడలాడే ఆడవాళ్లూ ఆ ఆటోల్లోనే ప్రయాణిస్తుంటారు.

ఒకామెను ఊహించుకుందాం. నిజంగా ఉన్న ఏ ఒక్కరి కథ రాసినా ఇక్కడ ఆమె ఎవరో తెల్లారేసరికి తెలిసిపోతుంది కాబట్టి, ఊహించుకోవడమే క్షేమం. ఆమెకి పేరు కూడా పెట్టడంలేదు. తీరంలోని ఓ ఊరినుంచి రోజూ పలాస వచ్చి జీడిపప్పు పరిశ్రమలో పొట్టుతీసే పని చేస్తుంది. నాలుగో తరగతి చదివే కొడుకు ఉన్నాడు. తాగొచ్చి కొట్టే భర్త ఉన్నాడు. (తాగకపోయినా కొడతాడు. తప్పంతా మందుమీదకి నెట్టేయడం మనకి అలవాటైపోయింది.) ఓ రాత్రి గొంతుమీద చెయ్యేసి 'సంపేస్తాను' అన్నాడు. తెల్లారి ఎప్పట్లాగే పనికి బయల్దేరినట్టు బయల్దేరి, కొడుకు చెయ్యి పట్టుకుని టెక్కలి బస్సెక్కేసింది. చిన్నప్పటి స్నేహితురాలు అక్కడో గది చూసిపెట్టింది.

పుట్టింటికి ఎందుకు వెళ్లలేదని అడుగుతారేమో. అతను మొదట వెతికేది అక్కడే. పైగా పుట్టింటి అరుగుమీద పెద్దమనుషులు కూర్చుంటే తీర్పు ముందే తెలుసు... 'సర్దుకుపోవాల తల్లీ'.

ఆమె ఊహలో మనిషే అయినా ఆ పరిస్థితి ఊహ కాదు. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 18 నుంచి 49 ఏళ్లలోపు పెళ్లైన ఆడవాళ్లలో నూటికి దాదాపు 30 మంది భర్త చేతిలో హింస చవిచూసినవాళ్లే. దేశం మొత్తమ్మీద హింసకి గురైనవాళ్లలో ఎవరో ఒకరి సాయం కోరినవాళ్లు నూటికి 14 మందే. మిగతావాళ్లు నోరు విప్పకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. 'వెళ్తే మాత్రం... వెతుక్కుంటూ రాడా?' అన్న భయం వాటిలో చిన్నదేం కాదు.

పలాసనుంచి టెక్కలికి ముప్ఫై కిలోమీటర్లు కూడా లేదు. మనిషైతే తప్పించుకుంది. కాగితాల సంగతి?

టీసీ చెప్పేస్తుంది

మొదట బయటపెట్టేది చాలావరకు బడే. కొత్త ఊళ్లో పిల్లాణ్ని చేర్చాలంటే టీసీ అడుగుతారు. దానికోసం పాత బడికి కబురెళుతుంది. పది రోజుల తర్వాత తండ్రి ఆ బడికి వెళ్లి, 'మా బాబు టీసీ ఏ ఊరికి పంపారు మాస్టారూ?' అని వినయంగా అడుగుతాడు. అడిగింది కన్నతండ్రి. చెప్పకూడదని ఆ మాస్టారుకి ఎవరూ చెప్పలేదు. ఆయన మంచి మనసుతోనే చెప్పేస్తాడు.

2009 నాటి విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ దీనికి కొంత దారి చూపిస్తుంది. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడిలో పిల్లల్ని చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. కాబట్టి ముందు చేర్చేసి, పరిస్థితి ప్రధానోపాధ్యాయుడికి విడిగా చెప్పుకుని, టీసీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఈ సెక్షన్ గురించి తెలిసిన తల్లులు ఎందరు? బళ్లోవాళ్లు ఎందరు?

తర్వాత సెల్‌ఫోన్. సిమ్ అతని పేరుమీద ఉంటుంది. ఫోను కొన్నరోజు గూగుల్ ఖాతా తెరిచిపెట్టిందీ అతనే, పాస్‌వర్డు తెలిసిందీ అతనికే. పోయిన ఫోన్ వెతుక్కోవడానికి పెట్టిన సదుపాయంతో ఫోన్ పట్టుకున్న మనిషినీ వెతకొచ్చు. ఆధార్‌కి జతచేసిన నంబరు అతనిదైతే మరీ తంటా. ఆమె ఎక్కడ ఏ పనికి ఆధార్ వాడినా ఆ ఓటీపీ టింగుమంటూ అతని జేబులో మోగుతుంది. అందుకే చిరునామా మార్చుకునేముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి, ఫోన్ నంబరు మార్పించుకోవాలి. పాత నంబరు చేతిలో లేకపోయినా ఆ పని జరుగుతుంది. గుర్తింపు ఉన్న వసతిగృహంలో తలదాచుకుంటే, అక్కడి అధికారి ఇచ్చే ధ్రువపత్రం చిరునామాకి ఆధారంగా పనికొస్తుంది.

బ్యాంకు పుస్తకం ఉంది. ఏటీఎంలో అయిదొందలు తీస్తే ఆ యంత్రం ఏ ఊళ్లో ఉందో పాస్‌బుక్కులో అచ్చవుతుంది. ఉమ్మడి ఖాతా అయితే ఆ పుస్తకం ఎవరింట్లో ఉందో వేరే చెప్పాలా? డ్వాక్రా సంఘం ఉంది. నెలవారీ కిస్తీ కట్టకపోతే మిగతా సభ్యులమీద పడుతుంది కాబట్టి లీడరు ఫోన్ చేస్తూనే ఉంటుంది. రేషన్ కార్డు ఇంటి మొత్తానికి ఒకటే. ఆ కార్డుమీద ఏ ఊళ్లోనైనా బియ్యం తీసుకోవచ్చు. మంచి సదుపాయమే. కానీ ఉమ్మడి కార్డుమీద సరకులు తీసుకున్న జాడ, అదే కార్డులో పేరున్న భర్తకి తెలియకుండా ఉంటుందన్న భరోసా లేదు.

ఇక ఓటు. కొత్త ఊళ్లో ఓటు నమోదు చేయించుకుంటే పేరు, తండ్రిదో భర్తదో పేరు, ఇంటి నంబరు, వయసు జాబితాకెక్కుతాయి. ఆ జాబితా పోలింగ్ కేంద్రంలో పెడతారు, పార్టీలకి ఇస్తారు, ఇంటర్నెట్‌లోనూ ఉంచుతారు. ఎన్నికలు సవ్యంగా జరగాలంటే జాబితా బహిరంగంగా ఉండాల్సిందే, కాదనలేం. కానీ హింసనుంచి పారిపోయిన మనిషి చిరునామాని అందులోంచి తప్పించే ఏర్పాటు మన దేశంలో లేదు. ఆమె ఓటు వదులుకోవాలి, లేదంటే దాగి ఉండటం వదులుకోవాలి.

దరఖాస్తులో ఓ గడి

చట్టమేమీ కళ్లు మూసుకుని లేదు. గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26నుంచి అమల్లో ఉంది. దాంతోపాటు వచ్చిన నిబంధనల్లో పదహారోది మన విషయానికి ప్రాణంలాంటిది. బాధితురాలు కోరితే, ఆమె తమ దగ్గర ఉందన్న సంగతిని వసతిగృహంవాళ్లు ఎవరికీ చెప్పకూడదు. ఎవరిమీద ఫిర్యాదు చేసిందో వాళ్లకి అసలే తెలియనివ్వకూడదు. 'కోరితే' అన్న మాట గుర్తుపెట్టుకోండి. కోరాలని ఆమెకి ఎవరో ఒకరు చెప్పాలి.

అదే నిబంధనల్లో మొదటి నమూనా పత్రం ఒకటుంది. రక్షణాధికారి నింపే గృహ సంఘటన నివేదిక అది. మన రాష్ట్రంలో ఆ బాధ్యత స్త్రీ శిశు సంక్షేమశాఖ జిల్లా ప్రాజెక్టు డైరెక్టరుది. అందులో 'కాపురమున్న ఇంటి చిరునామా' అన్న గడి పక్కనే 'ప్రస్తుత చిరునామా' అని ఇంకో గడి! ఆ నివేదిక మేజిస్ట్రేటుకి వెళుతుంది, ప్రతి పోలీస్‌స్టేషన్‌కి వెళుతుంది. కేసు నడిచేకొద్దీ కాగితాలు అవతలిపక్షం చేతికీ అందుతాయి. ఒక నిబంధన దాచిపెట్టమన్నదాన్ని ఇంకో కాగితం రాయించుకుంటోందన్నమాట.

దీనికి మార్గం లేకపోలేదు. ఉత్తరప్రత్యుత్తరాలకి న్యాయవాది కార్యాలయం చిరునామానో రక్షణాధికారి కార్యాలయం చిరునామానో ఇచ్చి, అసలు చిరునామాని మూసిన కవరులో ఉంచమని మేజిస్ట్రేటుని కోరవచ్చు. ఈ చట్టం కింద వచ్చే దరఖాస్తుల విచారణకి తనదైన పద్ధతి ఏర్పరచుకునే వెసులుబాటు ఇరవై ఎనిమిదో సెక్షన్ కోర్టుకి ఇచ్చింది. ఒప్పుకుని తీరాలన్న నియమం లేదు. అడగకూడదన్న నియమమూ లేదు. ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం అందాలని 1987 నాటి న్యాయసేవల చట్టమే చెబుతోంది. కాబట్టి వకీలు ఫీజుకి భయపడి ఆగిపోనక్కర్లేదు. 15100కి ఫోన్ చేస్తే చాలు.

కేసు ఎక్కడ వెయ్యాలన్నది ఇంకో చిక్కు. ఇరవై ఏడో సెక్షన్ చాలా ఉదారమైనది. తాత్కాలికంగా తలదాచుకున్న చోటి కోర్టులోనైనా వేసుకోవచ్చు. పలాసలో దెబ్బలు తిన్నామె టెక్కలిలో వెయ్యొచ్చు. ఇచ్ఛాపురం దాటి బరంపురంలో పిన్నమ్మ ఇంటికి చేరితే అక్కడా వెయ్యొచ్చు. ఉత్తర్వు దేశమంతా చెల్లుతుంది. భార్యని హింసించినందుకు పెట్టే క్రిమినల్ కేసులోనూ, ఆమె ఆశ్రయం పొందిన ఊళ్లో ఫిర్యాదు చేయొచ్చని 2019 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు రూపాలీ దేవి కేసులో చెప్పింది. ఇదంతా ఆమె మేలుకోరి ఇచ్చిందే. కానీ టెక్కలి కోర్టునుంచి నోటీసు అందిన క్షణాన, ఆమె టెక్కలిలో ఉందని అతనికి తెలిసిపోతుంది! పోనీ అతను ఉన్నచోటే వేద్దామంటే, ప్రతి వాయిదాకీ ఆమే అతని ఊరికి వెళ్లాలి.

విచారణ గది తలుపులు మూసి జరపడానికి పదహారో సెక్షన్ వీలిస్తుంది. తలుపు బయట చెట్టుకింద నిల్చునేవాణ్ని ఏ సెక్షనూ ఆపదు. సాయంత్రం ఆమె ఎక్కిన బస్సు వెనకాలే బైకుమీద వస్తే చాలు. ఇలాంటివాళ్ల విషయంలోనైనా వీడియో విచారణ అడగాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత అందుకు దారి తెరిచింది.

అసలు ఆయుధం పద్దెనిమిదో సెక్షన్. ఆమె పనిచేసే చోటికి, తరచూ వెళ్లే చోట్లకి అతను రాకూడదని, ఫోన్‌లోగానీ ఉత్తరంద్వారాగానీ మాట్లాడటానికి ప్రయత్నించకూడదని మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. అత్యవసరమైతే అతని వాదన వినకముందే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వొచ్చు. మీరితే ఏడాదివరకూ జైలు, 20 వేల రూపాయలవరకూ జరిమానా, లేదా రెండూ. అయితే ఉత్తర్వులో ఏ చోట్లు రాస్తారు? ఫలానా పరిశ్రమ, ఫలానా బడి అని రాస్తే అవి ఎక్కడున్నాయో అతనికి మనమే చెప్పినట్టు. రాయకపోతే, అక్కడికొచ్చినా మీరినట్టు రుజువు చేయడం కష్టం. ఇప్పటికే అతనికి తెలిసిన చోట్లు రాయించి, తెలియనివి వదిలేసి, వాటి విషయంలో 'ఆమె ఎక్కడుంటే అక్కడికి' అన్నట్టు రాయించమనడం తెలివైన పని.

మంచం మారదు

ఉద్దానంలో ఇంకో రకం బందీలున్నారు. వాళ్లకి పారిపోదామన్నా కుదరదు.

ఇక్కడి కిడ్నీ జబ్బు గురించి ఈ పేజీల్లో మీరు చాలాసార్లు చదివే ఉంటారు. పలాస, సోంపేట, కవిటిలాంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. రోగుల్లో ఆడవాళ్లూ ఉన్నారు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. అదే ఊరు, అదే కేంద్రం, దాదాపు అదే మంచం. భర్తకి రోజు తెలుసు, వేళ తెలుసు. చేతికి సూది ఉన్నప్పుడు లేచి పరిగెత్తలేదనీ తెలుసు. నెలనెలా వచ్చే పది వేల రూపాయల పింఛను కూడా పాత ఊరి చిరునామాతోనే ముడిపడి ఉంటుంది.

అలాంటి మనిషికి చిరునామా దాచడమనే మాటకి అర్థమే లేదు. కేంద్రం మార్పించుకోవాలంటే అవతల ఖాళీ ఉండాలి. పింఛను మార్పించుకోవాలంటే సచివాలయం మెట్లెక్కాలి. ఈలోగా ఒక్క వారం ఆగినా ప్రాణానికే ముప్పు. కాబట్టి ఆమె విషయంలో చేయగలిగింది, ఆమె ఉండే చోటికి అతన్ని రానివ్వకుండా చూడటమే. 'తరచూ వెళ్లే చోటు' కింద డయాలసిస్ కేంద్రాన్ని రక్షణ ఉత్తర్వులో పేరుపెట్టి రాయించుకోవచ్చు. ఆ కాగితం నకలు ఒకటి కేంద్రంలో నర్సుల దగ్గర, ఇంకోటి గుమ్మం దగ్గర ఉండే సెక్యూరిటీ మనిషి దగ్గర ఉండాలి. మేజిస్ట్రేటు బల్లమీద ఉన్న ఉత్తర్వు గుమ్మం దగ్గర మనిషిని ఆపలేదు కదా!

విశాఖ వెళ్లినా...

అంత దగ్గర టెక్కలి ఎందుకు, విశాఖపట్నమో హైదరాబాదో పోతే సరి అంటారు చాలామంది. 2022లో హైదరాబాద్‌లో జరిగింది గుర్తుందా? మతాలు వేరైన ఓ జంట పెళ్లి చేసుకుంది. అమ్మాయి తరఫువాళ్ల భయంతో కొన్నాళ్లు విశాఖపట్నంలో తలదాచుకుంది. తిరిగి హైదరాబాద్ వచ్చాక, మే 4న సరూర్‌నగర్‌లో నడిరోడ్డుమీద ఆ అబ్బాయిని చంపేశారు. నిందితుల్లో అమ్మాయి సొంత అన్న ఉన్నాడు. అబ్బాయి ఎక్కడున్నాడో సెల్‌ఫోన్ ఆధారంగా పసిగట్టారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఎంతదూరం వెళ్లామన్నది కాదు, ఏది వెంట తీసుకెళ్లామన్నదే కొంప ముంచింది.

ఇలాంటి జంటలకోసం ప్రతి జిల్లా కేంద్రంలో రక్షణ గృహాలు ఏర్పాటుచేసే సంగతి ఆలోచించమని, ఫిర్యాదులు తీసుకోవడానికి ప్రత్యేక విభాగాలు పెట్టమని సుప్రీంకోర్టు అంతకు నాలుగేళ్లముందే, 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో రాష్ట్రాలకి చెప్పింది. అదే ఏడాది డిసెంబరు 5న మహేందర్ చావ్లా కేసులో సాక్షుల రక్షణ పథకానికి ఆమోదముద్ర వేసి, చట్టం వచ్చేదాకా దాన్నే చట్టంగా పాటించమంది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023లో మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చారు.

మంచి పథకం అది. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంటుంది. ముప్పు ఎంతుందో పోలీసులు నివేదిక ఇస్తారు. అవసరాన్నిబట్టి సాక్షి ఉండే చోటు మారుస్తారు, గుర్తింపు బయటపడకుండా చూస్తారు, ఫోన్ నంబరు మార్పిస్తారు. కానీ ఏ నేరాలకి? ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడేవాటికి, వాటితోపాటు ఆడవాళ్లని అవమానించడం, వెంటపడి వేధించడంలాంటి కొన్నిటికి. భార్యని హింసించే నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. వరకట్న మరణమైతే పథకం వర్తిస్తుంది, రోజూ తన్నులు తింటూ బతికుంటే వర్తించదు. ఈ తిరకాసు చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అయితే భర్త వెంటపడుతున్నాడని, ఫోన్లలో నిఘా పెడుతున్నాడని విడిగా కేసు నమోదైతే అప్పుడు తలుపు కొంచెం తెరుచుకుంటుంది. ఫిర్యాదు రాయించేటప్పుడే ఆ సంగతి రాయించాలి.

ఒక పోస్టుబాక్సు

పన్నెండు వేల కిలోమీటర్ల అవతల ఇదే సమస్యకి ఓ చిన్న ఉపాయం కనిపెట్టారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 1991లో మొదలుపెట్టింది. బాధితురాలికి ప్రభుత్వం తన చిరునామానే ఇస్తుంది. ఓ పోస్టుబాక్సు నంబరు. బడిలో, కోర్టులో, డ్రైవింగ్ లైసెన్సులో, ఓటరు నమోదులో ఆమె అదే రాస్తుంది. ప్రభుత్వ కార్యాలయాలు దాన్ని ఒప్పుకోవాలి. ఉత్తరాలన్నీ ఆ బాక్సుకి వస్తే, ప్రభుత్వ సిబ్బంది వాటిని అసలు ఇంటికి పంపిస్తారు. ఆమె ఎక్కడుందో తెలిసింది ఆ ఒక్క కార్యాలయానికే. ఇంతే పథకం! అంతరిక్ష విజ్ఞానం ఏమీ అక్కర్లేదు, ఓ గుమాస్తా, ఓ బీరువా, బీరువాకి తాళం చాలు. ఇప్పుడు అక్కడ ముప్ఫైకి పైగా రాష్ట్రాల్లో ఇది ఉంది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, టెక్సస్, న్యూజెర్సీల్లోనూ ఉంది.

సోంపేటనుంచో టెక్కలినుంచో కూతుర్ని అమెరికా సంబంధానికి ఇచ్చినవాళ్లు ఈ నాలుగు వాక్యాలూ కత్తిరించి దాచుకోవచ్చు. భర్త వీసామీద వెళ్లిన అమ్మాయి ఇల్లు వదిలితే దేశం వదలాల్సొస్తుందని భయపడుతుంది. ఫిర్యాదు చేస్తే ఆ సంగతి అతనికి చేరిపోతుందనీ భయపడుతుంది. హింసకి గురైనవాళ్లు పెట్టుకునే కొన్నిరకాల వలస దరఖాస్తుల వివరాలు ఎవరికీ చెప్పకూడదని అక్కడి అధికారుల్ని 1996 నాటి చట్టమే కట్టడి చేసింది. న్యూజెర్సీలో 1985లో పుట్టిన 'మానవి' సంస్థ దక్షిణాసియా మహిళలకోసమే పనిచేస్తూ వచ్చింది.

బ్రిటన్‌లో ఓటరు జాబితాలో పేరు, చిరునామా కనిపించకుండా నమోదు చేయించుకునే వీలుంది. ఏవేవో ఉత్తర్వులు, పెద్ద హోదా ఉన్నవాళ్ల సంతకాలు తెమ్మని మొదట్లో ఇబ్బంది పెట్టేవారు. మెహలా ఓస్బోర్న్ అనే బాధితురాలు తన ఓటుకోసం పోరాడాక 2018లో ఆ నిబంధనలు సడలించారు.

మన దగ్గర ప్రతి దరఖాస్తూ సచివాలయంలో, ప్రతి వివరం కంప్యూటర్‌లో ఉన్నాయి. ఓ పోస్టుబాక్సు పెట్టడానికి ఇంతకంటే సౌకర్యం ఏం కావాలి? ఆ మాట చట్టసభలో ఎవరో ఒకరు అడగాలి.

అప్పటిదాకా ఉన్నవే వాడుకోవాలి. 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి దారి చూపుతారు. 2015 ఏప్రిల్‌నుంచి దేశమంతా మొదలైన ఈ కేంద్రాల్లో వైద్యం, సలహా, పోలీసు సాయం, కొద్దిరోజుల బస ఒక్కచోటే దొరుకుతాయి. ఎక్కువ కాలం ఉండాలంటే ఒకప్పుడు స్వధార్ అని పిలిచిన, ఇప్పటి శక్తి సదన్ గృహాలున్నాయి. ప్రమాదం గుమ్మంలో ఉంటే 112. పలాసనుంచి జిల్లా కేంద్రానికి డెబ్బై కిలోమీటర్లకి పైనే. అర్ధరాత్రి ఆ దూరం ఎంతో, అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

మా పేజీల్లోనే...

చివరికి మా ఇంటి సంగతి. అత్యాచార బాధితుల పేరు అచ్చువేయకూడదన్నది 1983నుంచీ చట్టం. 2018 డిసెంబరు 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది... పేరు రాయకపోయినా, ఆమె ఎవరో దూరంగానైనా తెలిసేలా ఏ వివరమూ రాయకూడదని. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం బడి పేరు, ఇరుగుపొరుగు వివరాలు కూడా వద్దంది.

పేరు రాయకుండా ఊరు రాస్తాం. వయసు రాస్తాం. భర్త వలస వెళ్లాడని, గుజరాత్ తీరంలో బోటుమీద పనిచేస్తున్నాడని రాస్తాం. హైదరాబాద్‌లో కూర్చుని చదివేవాళ్లకి అది ఎవరో తెలియదు. వజ్రపుకొత్తూరు మండలంలో చదివేవాళ్లకి ఆ మూడు ముక్కలూ చాలు. 'ఎవరి తాలూకా' అని అడిగే అవసరం కూడా లేకుండా మేమే చెప్పేసినట్టు. ఈ వృత్తిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ వివరాలు తీసేస్తే వార్తలో పస పోతుందనే మాట మా గదుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇంకోటుంది. లోపలి పేజీలో అడుగున చిన్న ప్రకటన. పైన ఫొటో. 'కనబడుట లేదు'. వయసు, ఎత్తు, కట్టుకున్న చీర రంగు, వెంట నాలుగో తరగతి చదివే బాబు. ఆచూకీ తెలిపినవారికి తగిన పారితోషికం. కింద ఓ ఫోన్ నంబరు. తప్పిపోయిన పసిపిల్లల్ని, మతిమరుపుతో దారితప్పిన పెద్దవాళ్లని ఇళ్లకి చేర్చిందీ ఈ ప్రకటనలే. అదే ప్రకటన, ఇల్లు వదిలొచ్చిన మన ఊహలోని ఆమెని వేల కళ్లతో వెతికిస్తుంది.

పోలీసుల దగ్గర అతను మిస్సింగ్ కేసు పెడితే ఏం చేయాలి? మేజరైన మనిషి తన ఇష్టంతో ఇల్లు వదలడం నేరం కాదు. తనకి దగ్గర్లోని ఏ స్టేషన్‌కైనా వెళ్లి, 'నేను క్షేమంగా ఉన్నాను, నా అంతట నేనే వచ్చాను, నా చిరునామా ఎవరికీ చెప్పొద్దు' అని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఎందుకు వచ్చిందో కూడా అందులోనే రాస్తే, రేపు కేసుకి అదే మొదటి కాగితం అవుతుంది. న్యాయసేవల వకీలుని వెంట తీసుకెళ్తే మరీ మంచిది.

అలాంటి ఫొటోలో మనిషి మీ వీధి కుళాయి దగ్గర బిందెతో కనిపిస్తే, ప్రకటన కింద నంబరుకి ఫోన్ చేయకండి. పారితోషికం సంగతి అలా ఉంచండి. పక్కకి పిలిచి, పేపరు చూపించి, ముందు ఆమెనే అడగండి... 'నువ్విక్కడున్నట్టు ఎవరికైనా చెప్పాలా అమ్మా?'